దూకనివాడు

ముందే చెప్పా మాల్యాద్రికి,
చూట్టానికైతే వస్తా గానీ దూకేది లేదని.
నవ్వాడు.
"నిన్నెవరు దూకమన్నారు కాలేషా భాయ్,
బాకీపడ్డ కుట్టుకూలి ఇట్టా చెల్లగడుతున్నా" అన్నాడు.

ఉలవపాడు దాటాక ఉప్పుకొఠార్ల వెనక
ఎర్రకంకర తొక్కించిన రన్‌వే.
గేదెలు అడ్డం రాకుండా ఒక పిల్లోడు, నోట్లో విజిల్.
విమానంలో సీట్లు పీకేసున్నాయి.
రెక్జీన్ పరుపు, దాని మీద
ఒకరి కాళ్ళ సందులో ఒకరు,
పెళ్ళికి పోయే టాటా ఏస్‌లో లాగా.
తలుపు పక్క మూల నాది. బెల్టు బిగించారు.
నా వీపుకీ ఒక మూట కట్టి
అవసరమొస్తే లాగమని ఎర్ర పిడి చూపించారు.
ముప్పై రెండేళ్ళ టైలరు పనిలో
ఏ గుడ్డా తెరుచుకోవద్దని ఇట్టా దువా చేసింది లేదు.

పారాచూటు నేను ముట్టను. దానికి లైసెన్సు మనిషి వేరే.
నావి వాళ్ళ ఒంటిమీది బట్టలు,
చిరిగిన మోకాలు, తెగిన జిప్పు,
భుజం కాడ విడిపోయిన కుట్టు.
మొహాల కంటే ఆ మోకాళ్ళే నాకు బాగా తెలుసు.
నీలం అతుకు మాల్యాద్రిది, మూడుసార్లు వేసింది.
పసుపు దారం చెంచులక్ష్మిది.
కావలి ఆసుపత్రి నర్సు, ఇదే మొదటిసారి.
మొన్న షాపుకొచ్చి
"నడుం కాడ ఒక్కంగుళం వదులు చెయ్యన్నా, ఊపిరాడాల" అంది.
ఒకటిన్నర వదిలా.

లేచింది.
నా కడుపు మామిడితోటల్లో ఎక్కడో దిగిపోయింది.
కళ్ళు తెరిస్తే
భయం కంటే ముందు కొలతలు కనపడ్డాయి.
రొయ్యల గుంటలు, కత్తిరించి పరిచిన లైనింగు ముక్కలు.
ఏరియేటర్ల నురుగు, తెల్ల గుండీలు.
బకింగ్‌హామ్ కాలవ చాక్‌పీసు గీత,
పని నేర్చుకునే కుర్రోడు గీసినట్టు వంకర.
సర్వితోటలు దాటితే సముద్రం,
దానికి అవతలి అంచు ఎవరూ మడవలా.

తలుపు పైకి చుట్టారు.
గాలి కాదది, లారీ.
మాల్యాద్రి తన ఛాతీకి నాలుగు కొక్కేలతో
ఆ పిల్లని బిగించుకున్నాడు.
నావైపు చూసింది.
ఏదో అనాల. ఏమనాల?
జాగ్రత్త అనే మాట కిందే అయిపోయింది.
బొటనవేలు చూపించా, సూది దిగిన మచ్చతో సహా.
ఒక మోకాలు బయట పెట్టింది. పసుపు దారం.
తర్వాత మోకాలు లేదు.

పడ్డట్టు లేదు.
బీరువాలోంచి చొక్కా ఎవరో లాగేసినట్టుంది.
వాళ్ళ వెనకే మిగతా నలుగురూ.
పరుపు మీద కూర్చున్న గుంటలు
కాసేపు అట్నే ఉండి నిదానంగా పూడాయి.
వాళ్ళకి పనుంది, చేతులు చాపడం,
లెక్కపెట్టడం, పిడి లాగడం.
నా కుడికాలు మాత్రం
మిషను లేకుండానే పెడలు తొక్కుతోంది.

"షట్టరెయ్ భాయ్!" పైలట్ ఉత్తమన్ అరిచాడు.
అది నాకొచ్చిన విద్యే.
ట్రంకురోడ్డు షాపుకి రోజూ రాత్రి వేసినట్టే కిందికి లాగా.
బరువు తగ్గిన విమానం ముక్కు దించి
చెప్పాపెట్టకుండా జారింది. నేనూ పడ్డా మరి,
బెల్టుతో, కళ్ళు మూసుకుని,
ఎర్ర పిడికి దూరంగా రెండు చేతులూ ముడుచుకుని.

దిగేసరికి వాళ్ళింకా ఆకాశంలోనే ఉన్నారు.
గేదెల పిల్లోడు విజిల్ తీసి "నువ్వు దూకలా?" అన్నాడు.
"దూకలా."
"మరెందుకు పోయినట్టు?"
జవాబు కోసం పైకి చూశా. గొడుగులు లెక్కపెట్టా.
ఐదు.
ఆరుగురు గదా పోయింది.
నోరెండిపోయింది. మళ్ళీ లెక్కపెట్టా, వేలితో. ఐదే.
"ఇద్దరికి ఒకటే గదా" అన్నాడు పిల్లోడు,
రోజూ చూసేవాడు.

చెంచులక్ష్మి ఇసకలో ఈడ్చుకుంటూ వచ్చి కూలబడింది.
నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలా.
అందరూ మొహం చూస్తుండారు. నేను మోకాలు చూశా.
పసుపు కుట్టు నిలబడింది.
దాని పక్కనే, బెత్తెడు, కొత్త చిరుగు.

"సోమవారం తీసుకురామ్మా" అన్నా.